పప్పు వండని కుక్కర్

నేను ఒక ప్రెషర్ కుక్కర్ని. అయినా పుట్టిన దగ్గర్నుంచి ఒక్క పప్పుగింజ రుచి చూడలేదు. ఉషశ్రీకి యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చిందన్న కబురు అందిన వేళ కూడా నేను సూక్ష్మజీవశాస్త్ర విభాగంలో గ్యాసు పొయ్యి మీదే ఉన్నాను. నా కడుపులో ఆమె సీసాలు, వాటిలో మట్టి బాక్టీరియాకు పెట్టే జావ. దాన్ని ముందుగా ఆవిరితో శుద్ధి చేయడమే నా కొలువు.

వరండాలోంచి అందరూ ఒక్కసారిగా పిలిచారు. ఉషశ్రీ కళ్ళు తుడుచుకుంది గానీ పొయ్యి దగ్గర్నుంచి కదల్లేదు. "ఆవిరి దిగనివ్వండి, వస్తా" అంది. ఆమె గైడు హైమవతి గుమ్మంలోంచి చూసి నవ్వుకున్నారు.

ఆ నవ్వు నాకు పాత చుట్టమే. ఒకప్పుడు ఫ్యాక్టరీలో అల్యూమినియం రేకును. నన్ను మలిచి, మెరుగుపెట్టి, రంగు కాగితం చుట్టి హైమవతి పెళ్ళికి చదివించారు. కొత్త కాపురంలో పొయ్యెక్కాల్సినదాన్ని. ఇంతలో ప్రయోగశాలలో శుద్ధి చేసే పెద్ద యంత్రం మొరాయించింది. పొలాల నుంచి తెచ్చిన మట్టి ఎదురుచూస్తోంది. హైమవతి నన్ను ఒళ్ళో పెట్టుకుని, భర్త స్కూటరెక్కి, ఇక్కడికి తెచ్చేశారు. పాపం ఆయన చాలాకాలం గిన్నెలో ఉడికీ ఉడకని కందిపప్పు తిన్నారు. అదే బాగుందని ఊరందరికీ చెప్పుకున్నారు కూడా. మనుషుల ప్రేమ చిత్రమైనది.

ఆ యంత్రం బాగుపడింది, మళ్ళీ పాడైంది. కొత్తది వచ్చింది, అదీ అలిగింది. నేను మాత్రం అలగలేదు. ఎందరో పరిశోధకుల చేతులు చూశాను. సీసాలో బూజు కనిపిస్తే చంటిబిడ్డకు జ్వరం తగిలినట్టు దిగులుపడేవారు. మర్నాడు మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టేవారు. ఇంత ఓపికగా ఓడిపోగల మనుషుల్ని నేనింకెక్కడా చూడలేదు. నేను చూసిందల్లా ఈ గది ఒక్కటే అనుకోండి.

ఈ నెలాఖరుకు హైమవతి పదవీ విరమణ. ఉషశ్రీకి ఉద్యోగం రాకపోతే వేరుశనగ వేళ్ళకు బలమిచ్చే బాక్టీరియా మీద ఆమె చేస్తున్న పని సగంలో ఆగిపోయేది. ఆ పనితోపాటే నేనూ ఆగిపోయి మెట్ల కింది పాత సామాన్ల గుట్టలో చేరేదాన్ని. నిన్నటిదాకా ఆ గుట్ట వైపు చూడకుండా గడిపాను.

ఆవిరి దిగింది. సీసాలు దించాకే ఉషశ్రీ భర్తకు ఫోన్ చేసింది. పెళ్ళయి ఇంకా పారాణి ఆరలేదు. భార్గవ్ మిఠాయి పొట్లంతో పరుగెత్తుకొచ్చాడు. కొత్త భవనంలో ఆమెకిచ్చే గదిలో బల్లలు తప్ప ఇంకేమీ లేవని విన్నాడు. అతని చూపు నామీద పడింది.

"దీనికీ రిటైర్మెంటేనా మేడమ్? అయితే మాకిచ్చేయండి. మా ఇంట్లో ఇంకా కుక్కర్ లేదు."

"దీన్లో ఏమేం ఉడికాయో తెలిస్తే ఆ పప్పు ముట్టవు నాయనా" అన్నారు హైమవతి. నా మూత తుడిచి, నన్ను ఉషశ్రీ చేతుల్లో పెట్టారు. "యంత్రం వచ్చేదాకా ఆగకమ్మా. పని ఆగకూడదు."

ఉషశ్రీ నన్ను గుండెకు హత్తుకుంది. నా మూత రబ్బరు వదులైందేమోనని వేలితో తడిమి చూసింది.

"రేపు బజారు తెరవగానే దీనికి కొత్త రబ్బరు కొందాం" అంది భర్తతో. "నువ్వు బండి నడుపు, నేను దీన్ని ఒళ్ళో పెట్టుకుంటా. మధ్యాహ్నానికల్లా నా గదిలో మొదటి విజిల్ పడాలి."

"మరి మన పప్పో?"

"రేపటికి గిన్నెలోనే."