రెండో పౌడరు డబ్బా

పొద్దుట్నుంచీ ఫుఫు ముద్దకి ఉడికిన దుంపలు దంచి దంచి అబ్రఫీ భుజాలు పీకుతున్నాయి. ఇవాళ మెకానిక్ షెడ్డులో మొగుడి మేనల్లుడు బాఫోకి పౌడరు పోసే వేడుక. మెకానిక్కుల సంఘం పెద్దలు వస్తారు. వాళ్ళ కళ్ళముందు బాఫో ఒక ఇంజన్‌కి బెల్టు వేసి చూపిస్తే, గురువు అతని నెత్తిన తెల్ల పౌడరు గుమ్మరిస్తాడు. అది పడితేనే ఘానాలోని ఈ కుమాసిలో మనిషి మెకానిక్కు, సొంత షెడ్డు పెట్టుకోవచ్చు. పడనంతవరకూ ఎన్నేళ్ళు గ్రీజులో మునిగినా పనివాళ్ళే.

అబ్రఫీ రెండు డబ్బాలు కొంది. ఒకటి బాఫోకి, రెండోది తనకి. పోయిన నెల కడుపు నిండా తిని కూర్చున్న వేళ, షెడ్డు గురువైన మొగుడు అమోవా తనే అన్నాడు. "బాఫోతో పాటు నీకూ పోసేస్తాలేవే, సణక్కు." నవ్వుతూనే అన్నాడనుకోండి. అయినా ఆశకి సిగ్గేముంది?

పెళ్ళయి వచ్చిన కొత్తలో పెట్రోలులో బోల్టులు కడిగింది. తర్వాత అమోవా కంటిచూపు మందగించి, ఇంజన్ బెల్టు తిరిగే చక్రాల మీది సన్నటి గుర్తులు కనబడక, "ఏమే, ఒకసారి చూడు" అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ ఒకసారి ఏళ్ళ తరబడి సాగింది. "అమోవా చెయ్యి పడితే ఇంజన్ మాట వింటుంది" అని ఊరంతా అంటుంటే, ఆ చేతులు లోపల గిన్నెలు తోముతుండేవి. ఎవరైనా వస్తే గబగబా చేతులు తుడుచుకుని మంచినీళ్ళు అందించాలి. "ఆ నల్ల గోళ్ళతో వండితే ఎవరు తింటారమ్మా" అనేది అమోవా అక్క, బాఫో తల్లి. అని, రెండోసారి వడ్డించుకునేది. షెడ్డు ఎలాగూ మేనల్లుడిదే, మేనమామ సొత్తు అటే పోతుంది, వాళ్ళ ఆచారం అది. అబ్రఫీకి షెడ్డు అక్కర్లేదు. తన పని తనదని ఒక్కసారి నలుగురిలో అంటే చాలు.

పెద్దలు కూర్చున్నారు. పరీక్షకి పెట్టింది ముసలి డ్రైవరు బెడియాకో టాక్సీని. బాఫో బెల్టు ఎక్కించి తాళం చెవి అందుకున్నాడు. గిన్నెలు పట్టుకొస్తున్న అబ్రఫీ కళ్ళు పై చక్రం మీద పడ్డాయి. చక్రం పళ్ళ లెక్కలో గుర్తు ఒక పన్ను పక్కకి జరిగి ఉంది. బెల్టు వదులుగా వేలాడుతోంది. ఇలాగే స్టార్ట్ చేస్తే లోపల వాల్వులు వంగిపోతాయి, టాక్సీ తుక్కు.

"ముందు ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పి చూడు నాయనా" అంది, ఆగలేక.

"మీ షెడ్డులో గురువు ఎవరయ్యా అమోవా?" అన్నాడొక పెద్దాయన. అందరూ నవ్వారు.

అమోవా మొహం మాడిపోయింది. "చారు చల్లారిపోతుంది, ముందు తినండి" అని వాళ్ళని నీడలోకి లేపి తీసుకెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ సరిచేయమని ఆమె వైపు కళ్ళతో సైగ చేశాడు.

చేయనని ఊరుకోవచ్చు. కానీ బెడియాకో టోపీ చేతిలో నలుపుకుంటూ అక్కడే నిలబడి ఉన్నాడు, ఆ టాక్సీ తప్ప అతనికి గతి లేదు. అబ్రఫీ గుర్తులు కలిపింది. బెల్టు బిగించి, రెండు వేళ్ళతో పట్టి మెలితిప్పి చూసింది. పావు వంతే తిరిగింది, బిగువు సరిపోయింది. ఇంజన్ని చేత్తో రెండు చుట్లు తిప్పింది, ఎక్కడా తగల్లేదు. బెడియాకో అంతా చూసి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

భోజనాలయ్యాక బాఫో తాళం తిప్పాడు. ఇంజన్ చక్కగా అందుకుంది. చప్పట్లు. అమోవా పౌడరు పోశాడు, అక్కగారు గెంతులేసింది. అబ్రఫీ రెండో డబ్బా మొగుడి చేతిలో పెట్టింది.

"ఇంకోటి కూడా ఉందా, మంచిది" అని అతను అదీ మేనల్లుడి మీదే కుమ్మరించాడు.

"అది నాది, మాస్టర్." అందరిలాగే ఆమె కూడా అతన్ని అలాగే పిలుస్తుంది.

"పెళ్ళానికి పౌడరు పోస్తే ఇంకేముంది, రేపు బోర్డు మీద దాని పేరు రాయమంటుంది" అన్నాడు అమోవా, పెద్దల వైపు తిరిగి.

"ఇంట్లో పౌడరు కరువొచ్చిందా మరదలా నీకు?" అంది ఆడపడుచు.

మళ్ళీ నవ్వులు. అబ్రఫీకి ఏడుపొచ్చింది. నలుగురిలో ఏడవడానికి కూడా లేదు. చీపురు తెచ్చి నేల మీద పౌడరంతా ఊడ్చింది.

ఆ శుక్రవారం అమోవా సొంత వ్యానుకి బాఫో కొత్త బెల్టు వేశాడు. మర్నాడు సొంతూళ్ళో ఓ చుట్టం అంత్యక్రియలు, ఇంటిల్లిపాదీ అందులో వెళ్ళాలి. అబ్రఫీ అంత్యక్రియలకి వేసుకునే మొగుడి నల్లబట్టలు ఉతుకుతోంది.

"ఏమే, ఒకసారి వచ్చి చూసిపో" అని కేకేశాడు అమోవా.

"గుర్తు కలిసిందో లేదో చూడత్తా" అన్నాడు బాఫో.

"పౌడరు పడ్డది నీకు కదా నాయనా. నువ్వే చూసుకో."

"దానికి పొగరెక్కింది. నువ్వు కానీరా" అన్నాడు అమోవా. బాఫో వ్యాను తలుపు తీసి లోపల కూర్చున్నాడు. చేత్తో ఎవరూ తిప్పి చూడలేదు. తిప్పి చూడమనే మాట అబ్రఫీ నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె చేతులు సబ్బునీళ్ళలోనే ఉంచి, తాళం తిరిగే చప్పుడు కోసం చెవులు రిక్కించింది.