నల్లి బొక్క

ఆదివారం మటన్ కూర దించగానే రజిత మొట్టమొదట చేసే పని, గరిటెతో వెతికి నల్లి బొక్కను పక్కకు తీసిపెట్టడం. లోపల మూలుగ నిండుగా ఉన్న ఆ ఎముక ముక్క మొగుడు విజయేందర్‌ది. పెళ్లయిన మొదటి ఆదివారమే అత్త శ్యామలమ్మ చెప్పింది: "నల్లి మొగోనికెయ్యాలె బిడ్డా, కష్టం చేసేటోడు." రజిత కష్టం చేయదు మరి! స్కూల్ ఆఫీసులో రోజంతా పనిచేసి, ఇంటికొచ్చి వండి, తోమి, అత్త మోకాళ్లకు నూనె రాయడం కష్టమెట్లా అవుతుంది?

రజిత కంచంలో ముక్కల్లేని షోర్వా పులుసు, అన్నమే. ఎడమవైపు పళ్లు ముందే జివ్వుమనేవి; ఏళ్ల కిందట కుడివైపు పైపళ్లు మూడు పీకించుకున్నాక ముక్క నమలడం ఆమె వల్ల కాలేదు. "మా రజితకు ముక్కలు పడవు" అని చుట్టాలందరికీ విజయేందరే చెప్పుకున్నాడు. ఆమె కూడా కాదనలేదు, ఇప్పుడు తలచుకుంటే ఒళ్లు మండుతోంది. పళ్లు కట్టించుకుందామన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డం. ఒకసారి ఆడబిడ్డ పురుడు, ఇంకోసారి అత్త కంటి ఆపరేషన్.

మొన్న రాంగోపాల్‌పేట్‌లో పళ్ల డాక్టర్ ఎలీనా ఎక్స్‌రే చూపించింది.

"పన్ను లేని చోట ఎముక కరిగిపోతదమ్మా. మీ పైదవడల పన్ను బిగించే ఇంప్లాంట్ మర పట్టేంత ఎముక ఎత్తు లేదు. దాని మీద సైనస్, అంటే గాలి గది. ముందు దాని అడుగున ఎముక పొడి నింపాలె. అది గట్టిపడేటందుకు నెలలు పడతది. ఆపరేషనయినంక కొన్నాళ్లు వంగొద్దు, బరువులెత్తొద్దు, ముక్కు గట్టిగ చీదొద్దు."

తన ముఖం లోపల ఎముక, తనకు తెలియకుండానే, ఇన్నేళ్లూ కరుగుతూ వచ్చిందా! ఆటోలో రజిత ఏడ్చింది. తర్వాత కోపం వచ్చింది. బోయిగూడలో దిగేసరికి ఏం చేయాలో తేలిపోయింది.

ఇంట్లో చెబితే విజయేందర్ నవ్వాడు.

"తీసి పెట్టుకునే సెట్టు చాలదా? వెనక పండ్లు ఎవలకు కనబడతయే? గంత తక్లీఫెందుకు?"

అసలు మాట శ్యామలమ్మ బయటపెట్టింది: "వంగొద్దంటే ఇంట్ల పనెవలు చేస్తరు?"

అదీ సంగతి! వీళ్ల బెంగంతా ఆమె నడుము మీదనే.

ఈ ఆదివారం రజిత వడ్డించేసి, వాళ్లతో పాటే కూర్చుంది. నల్లి బొక్క తన కంచంలోనే వేసుకుంది. అంచుకు టకటకా కొడితే మూలుగ జారి అన్నంలో పడింది. నమలక్కర్లేదు, నోట్లో పెట్టుకోగానే కరిగిపోయింది. అయ్యో రామా! పళ్లు లేని మనిషి హాయిగా తినగలిగిన ఒకే ఒక్క ముక్కను ఇన్నేళ్లూ తానే ఏరి, పళ్లున్న మనిషికి పెట్టింది.

"నల్లి ఏదే?" అన్నాడు విజయేందర్ కూర కలియబెడుతూ.

"నేను తిన్న. బుధవారం ఆపరేషన్. డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పిన."

"మరి వంటెవలు చేస్తరే?" అంది శ్యామలమ్మ.

రజిత వేళ్లు నాకి, తీరిగ్గా నీళ్లు తాగింది.

"పండ్లున్నోళ్లు వండుకుంటరత్తమ్మా."