ముప్పై ఒక్క మంది కమిటీ

కార్పొరేషన్ ఎన్నికల ఫలితాలు వచ్చిన తొమ్మిదో రోజున పార్టీ జిల్లా ఆఫీసులో సమీక్ష పెట్టారు. హైదరాబాద్ నుంచి శేఖర్ అనే పరిశీలకుడు వచ్చాడు. పార్లమెంటు ఎన్నికల్లో వరంగల్‌లో సగానికి పైగా బూత్‌లలో ముందున్న పార్టీకి అసెంబ్లీలో మూడో స్థానం, కార్పొరేషన్‌లో నాలుగు డివిజన్లు మాత్రమే ఎందుకు దక్కాయో పదిహేను రోజుల్లో నివేదిక ఇవ్వడం ఆయన పని.

అండర్ బ్రిడ్జి అవతలి డివిజన్ వంతు పదకొండు గంటలకు వచ్చింది. అక్కడి అభ్యర్థి సుకన్య. టైలరింగ్ షాపు నడుపుతుంది. నూట అరవై నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయింది. డివిజన్ అధ్యక్షుడు రాంప్రసాద్ ఆమె పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆయనది జిరాక్స్ షాపు. పార్టీలో పంతొమ్మిదేళ్లుగా ఉన్నాడు.

శేఖర్ కాగితం చూసి చదివాడు. "మొత్తం ఏడు బూత్‌లు. ఆరింటిలో ముందున్నాం, లేదా దగ్గర్లో ఉన్నాం. ఏడో బూత్‌లో ఇరవై మూడు ఓట్లు. పార్లమెంటుకు అదే బూత్‌లో నాలుగు వందల పన్నెండు." తలెత్తి సుకన్యను చూశాడు. "అక్కడ మన బూత్ కమిటీలో ఎంతమంది ఉన్నారమ్మా?"

"ముప్పై ఒక్కరు సార్."

"మరి ఇరవై మూడు ఓట్లేమిటి? కమిటీ వాళ్లు కూడా వేయలేదా?"

వెనక నుంచి ఎవరో అన్నారు. "ఎనిమిది మందికి జ్వరం వచ్చినట్టుంది సార్."

కొందరు నవ్వారు. సుకన్య నవ్వలేదు.

"ఆ బూత్‌లో ప్రచారం చేశారా?"

"ఆటోకు మైకు కట్టుకొని మెయిన్ రోడ్డు మీదికెల్లి ఒక్కసారి పోయిన సార్. ఇంటింటికి పోలే."

"ఎందుకు?"

"రాంప్రసాద్ అన్న వద్దన్నడు. అది పక్కా బూత్, ఆడ టైం వేస్ట్ చెయ్యకు అన్నడు. కమిటీ లిస్టు గూడ చేతికిచ్చిండు."

జిల్లా కార్యదర్శి లేచాడు. "సార్, గెలిచినామె ఈమెకు సొంత మేనత్త బిడ్డ. ఈమె కావాలనే ఆ గల్లీలు ఇడిచిపెట్టిందని అందరు అనుకుంటాన్రు."

శేఖర్ రాంప్రసాద్ వైపు తిరిగాడు. "మీరు వద్దన్నారా?"

"ముందుగాల దూరం బూత్‌లు చూస్కో అన్న సార్" అన్నాడు రాంప్రసాద్. "ఇటు పోవద్దని అనలే."

"అన్నా, నా మొకం జూసి చెప్పు" అంది సుకన్య.

ఆయన శేఖర్ వైపే చూశాడు.

"రేపు పదింటికి ఆ బూత్‌కు వెళ్దాం" అన్నాడు శేఖర్. "కమిటీ సభ్యుడు ఒక్కరితో మాట్లాడితే చాలు. మీరు ఏర్పాటు చేయండి రాంప్రసాద్ గారూ."

సుకన్య చెప్పింది నిజం. ఆ కమిటీలో ఎవరూ లేరన్నది కూడా నిజం. ఆ రెండో సంగతి గదిలో తన ఒక్కడికే తెలుసని రాంప్రసాద్ అనుకున్నాడు.

రెండేళ్ల క్రితం రాష్ట్ర ఆఫీసు ప్రతి బూత్‌కు ముప్పై ఒక్క మందితో కమిటీ వేయమంది. పేరు, ఆధార్ నంబరు, ఫోన్ నంబరు, సంతకం. ఆదివారం లోపల పంపకపోతే పదవి పోతుందని మెసేజ్ కూడా వచ్చింది. ఏడో బూత్ నాలుగు గల్లీలు. శనివారం పొద్దున రాంప్రసాద్ అక్కడ తొమ్మిది ఇళ్లకు వెళ్లాడు. కూర్చోమన్నారు, చాయ్ ఇచ్చారు, సంతకం పెట్టలేదు. మధ్యాహ్నం షాపుకు వచ్చి కౌంటర్ కింది అట్టపెట్టె తీశాడు. అందులో మసకగానో వంకరగానో వచ్చి, పనికిరాక పక్కన పడేసిన జిరాక్సులు ఉంటాయి. పింఛన్‌కు, రేషన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకునేవాళ్లు తెచ్చిన ఆధార్ కార్డులవే ఎక్కువ. ఏడో బూత్ చిరునామాలున్నవి ఏరి ముప్పై ఒక్క పేర్లు రాశాడు. వాళ్ల దరఖాస్తు ఫారాల జిరాక్సుల మీద ఫోన్ నంబర్లు కూడా దొరికాయి. సంతకాలు తానే పెట్టాడు. పెన్నులు మార్చాడు.

తన డివిజన్‌లోని అన్ని బూత్‌లూ నగరంలో అందరికంటే ముందు పూర్తి చేసినందుకు జిల్లా వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో పెట్టారు. తర్వాత పార్లమెంటు ఎన్నికలు వచ్చాయి. ఆ బూత్‌లో ఎవరూ వెళ్లి అడగకుండానే నాలుగు వందల పన్నెండు ఓట్లు పడ్డాయి. తన జాబితా నిజమే అయినట్టు రాంప్రసాద్‌కు అప్పటి నుంచి అనిపించసాగింది. సుకన్యకు ప్రచారానికి పదహారు రోజులే ఉన్నప్పుడు జాబితా తీసి చేతిలో పెట్టాడు.

సమీక్ష నుంచి ఆయన ఇంటికి వెళ్లలేదు. నేరుగా ఏడో బూత్ రెండో గల్లీలో బాబా మియా ఇంటికి వెళ్లాడు. బాబా మియా ఎనుమాముల మార్కెట్‌లో ముప్పై ఏళ్లు హమాలీ పని చేశాడు. ఇప్పుడు మోకాళ్లు పని చేయవు. జాబితాలో నాలుగో పేరు ఆయనది.

"చాచా, రేపు హైదరాబాద్ నుంచి ఒక సార్ వస్తాండు. నువ్వు మా పార్టీ బూత్ కమిటీల ఉన్నవని చెప్పాలె."

"ఉన్ననా?"

"రెండేండ్ల కింద నీ పేరు రాసిన."

"చెప్పకపోతివి బిడ్డా. మీటింగుల బిర్యానీ పెడ్తరట గద. రెండేండ్ల బిర్యానీ పోయె." బాబా మియా నవ్వి, రాంప్రసాద్ ముఖం చూసి ఆపాడు. "ఏమన్న తకరారా?"

"నా ఇజ్జత్ పోతది చాచా."

"అట్లనా." ముసలాయన కాళ్లు చాపుకున్నాడు. "నా పింఛన్ కాయితం మూడుసార్లు వాపసొస్తె మూడుసార్లు నువ్వే నింపినవ్. ఆఫీసుకు నువ్వే తోల్కపోయినవ్. చెప్తా తియ్యి, ఫికర్ జెయ్యకు. ఉన్న అంటె అయిపోతద?"

అయిపోయేది. రాంప్రసాద్ లేచి చెప్పులు వేసుకున్నాడు. వేసుకున్నాక ఇంకో మాట చెప్పాడు.

"క్యాండిడేట్ ఇంటికి రాలేదని గూడ చెప్పు చాచా. అది నిజమే గద."

"నిజమే. రాలే."

మర్నాడు పదింటికి శేఖర్ కారు గల్లీ మొదట్లో ఆగింది. సుకన్యను ఎవరూ పిలవలేదు. భర్త సాంబయ్య ఆటోలో ఆమె కారు వెనకే వచ్చింది. బాబా మియా ఇస్త్రీ చొక్కా వేసుకొని గడప దగ్గర కుర్చీలో కూర్చున్నాడు.

"మీరు కమిటీలో ఉన్నారా?" అన్నాడు శేఖర్.

"ఉన్న సార్."

"ఎప్పటి నుంచి?"

"రెండేండ్లయితాంది."

"మన అభ్యర్థి మీ దగ్గరకు వచ్చిందా?"

"రాలే సార్. ఈ గల్లీకే రాలే. అవతలామె మూడుసార్లు వచ్చి కూసున్నది."

శేఖర్ నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. బాబా మియా చెప్పాల్సింది అయిపోయిందన్నట్టు చుట్టూ చూశాడు. ఆటో పక్కన నిలబడిన సుకన్య కనిపించింది.

"నువ్వు సాంబయ్య పెండ్లానివి గద. మా మనుమరాలు అఫ్సానకు పండుగ డ్రెస్సు నువ్వే కుడ్తివి. ఈడ నిలబడ్డవేంది బిడ్డా?"

"నేనే చాచా. క్యాండిడేట్‌ను."

బాబా మియా ఆమెను చూశాడు, తర్వాత రాంప్రసాద్‌ను చూశాడు.

"నువ్వా నిలబడ్డది? నాకు ఎరుకనే లేకపాయె. మిషన్ మీద గుర్తు జూసిన. గుర్తు పక్కన ఎవలున్నరో ఎవలు చెప్పలే." శేఖర్ వైపు తిరిగాడు. "సార్, ఢిల్లీ ఓటుకు ఎవలు రాకున్నా ఏస్తం. టీవీల జూస్తం, ఏస్తం. ఈ ఓటు అట్ల గాదు. మోరీ నిండి మురుగు గల్లీల పారితె ఎవల ఇంటికి పోయి మొత్తుకోవాలెనో జూస్కొని ఏస్తం. ఈమె ఇల్లు మాకెరుకే. ఒక్కసారి వచ్చుంటే..."

"సరే పెద్దాయనా, చాలు" అన్నాడు శేఖర్. నోట్‌బుక్ అప్పటికే మూసేశాడు.

అందరూ కారు వైపు నడుస్తుంటే బాబా మియా రాంప్రసాద్ చెయ్యి పట్టుకొని ఆపాడు. "నేను చెప్పింది ఈ బిడ్డ మీద పడ్తదా?"

"పడది చాచా."

మూడో రోజు సాయంత్రం జిల్లా గ్రూపులో ఉత్తర్వు వచ్చింది. పార్టీ వ్యతిరేక కార్యకలాపాలకు పాల్పడినందుకు సుకన్య ఆరేళ్ల పాటు సస్పెన్షన్. ఆధారం, సంబంధిత బూత్ కమిటీ సభ్యుడి వాంగ్మూలం. కింద పదిహేడు మంది బొటనవేలు గుర్తు పెట్టారు. కార్యదర్శి చప్పట్ల గుర్తు పెట్టాడు. షాపులో ఒక విద్యార్థి సర్టిఫికెట్ల జిరాక్సుల కోసం నిలబడి ఉన్నాడు. రాంప్రసాద్ రెండు కాపీలకు బదులు ఆరు తీశాడు.

విద్యార్థి వెళ్లాక శేఖర్‌కు ఫోన్ చేశాడు. ఆయన వేరే జిల్లాలో ఉన్నాడు.

"సార్, ఆ కమిటీ అబద్ధం. పేర్లు నేనే రాసిన. సంతకాలు నేనే పెట్టిన. ఆమెను పోవద్దన్నది గూడ నేనే."

శేఖర్ గొంతు తగ్గించాడు.

"రాంప్రసాద్ గారూ, ఆ సంతకాలు చూసిన రోజే నాకు అర్థమైంది. ముప్పై ఒక్క మంది సంతకం కింద ఒకేలా గీత గీయరు కదా. నిన్న నేను చూసిన కమిటీలో తొమ్మిది మంది చనిపోయినవాళ్లున్నారు. మీదే నయం."

"మరి అదే రాయండి సార్, ఎందుకు ఓడినమో."

"రాస్తే, ఆదివారం లోపల ఫారాలు పంపకపోతే పదవి పోతుందని మీకు మెసేజ్ పెట్టిందెవరో కూడా రాయాలి. అప్పుడు రాష్ట్ర ఆఫీసు నుంచి పెట్టింది నేనే."

"ఆమె సంగతేంది సార్?"

"నివేదికలో ప్రతి డివిజన్‌కు ఓటమికి కారణం అని ఒక గడి ఉంది. అందులో ఏదో ఒకటి రాయాలి. ఇంక ఈ విషయం వదిలేయండి. మిమ్మల్ని జిల్లా కమిటీలోకి తీసుకోవాలని అనుకుంటున్నారు."

రాంప్రసాద్ థాంక్స్ సార్ అన్నాడు. అలవాటుగా వచ్చింది. ఫోన్ పెట్టేశాక ఆ మాట అన్నానని గుర్తొచ్చి షట్టర్ దించాడు.

మర్నాడు పొద్దున సుకన్య షాపుకు వెళ్లాడు. సాంబయ్య ఆటో తుడుస్తున్నాడు.

"ఏమే, మీ అన్న వచ్చిండు" అని లోపలికి కేక వేశాడు. "చీర తీస్కొచ్చిండేమో, ఆడబిడ్డకు పెట్టిపోనీకి."

సుకన్య బట్ట కత్తిరిస్తోంది. కూర్చోమనలేదు. రాంప్రసాద్ నిలబడే చెప్పాడు. అట్టపెట్టె, పేర్లు, సంతకాలు, శేఖర్ గల్లీకి రావడానికి ముందు రోజు బాబా మియాతో మాట్లాడింది, శేఖర్‌కు చేసిన ఫోను. జిల్లా కమిటీ సంగతి కూడా చెప్పాడు. ఆమె కత్తిరింపు పూర్తి చేసి కత్తెర పక్కన పెట్టింది.

"లిస్టు రాసినప్పుడు చెప్పకపోతివి, సరే. నా చేతికిచ్చేటప్పుడన్నా ఎందుకు చెప్పలే?"

"పార్లమెంటుకు ఎవలు అడగకుంటనే పడ్డయి. మళ్ల గట్లనే పడ్తయనుకున్న."

"ఎవలకు?"

"పార్టీకి."

"ఆ గల్లీల పార్టీ అంటే ఎవలన్నా? నువ్వా, నేనా? నువ్వు షాపుల గూసున్నవ్, నన్ను పోవద్దంటివి."

సాంబయ్య తుడవడం ఆపాడు.

"సస్పెన్షన్ తీపియ్యమని నేను అడుగుత లేను" అంది సుకన్య. "తీపిచ్చుడు నీతోని కాదు గూడ. నేను నా చుట్టాలామెకు అమ్ముడువోయిన్నని అంటాన్రు. నిన్న జాకెట్ ఇయ్యనీకి వచ్చినామె గూడ అడిగింది, ఎంత ముట్టిందని. ఆ ముప్పై ఒక్క ఇండ్లకు పోయి నేనెందుకు రాలేదో నువ్వు చెప్పు."

"ఇప్పుడు చెప్తే ఏమొస్తదమ్మా? ఓట్లయితె రావు."

"రావు. నేను ఆ గల్లీలకెల్లి నడవాలె, అంతే."

ఆయన అప్పుడే బయల్దేరాడు. ఆగితే వెళ్లనని ఆయనకు తెలుసు. మొదటి గల్లీలో మొదటి పేరు తాహెరా బేగం. ఆమె బయట బియ్యం చెరుగుతోంది.

"జిరాక్సన్నా, ఏంది, ఇల్లు వెతుక్కుంట వచ్చినవ్?"

"అమ్మా, రెండేండ్ల కింద నిన్నడగకుంట నీ పేరు పార్టీ కమిటీల రాసిన."

"నన్ను లీడర్ జేసినవా?" ఆమె చేట పక్కన పెట్టి నవ్వింది. "ముందుగాల చెప్తె ఫ్లెక్సీల ఫొటో ఏపిచ్చుకుందును గద. మా ఆయన జర భయపడేటోడు."

ఆమె నవ్వుతుంటే చెప్పడం కష్టమైంది. మిగతాది తల వంచుకొని చెప్పాడు. సుకన్య పేరు వచ్చాక ఆమె నవ్వు ఆగింది.

"అంటె ఆ పిల్ల తప్పు లేదా?"

"లేదమ్మా. నేనే రానియ్యలే."

"మేం ఇన్ని రోజులు ఏమేమో అనుకుంటిమి. నేను గూడ నలుగుర్ల గట్లనే అన్న." తాహెరా బేగం లేచి కొంగుకు చేతులు తుడుచుకుంది. "ఈన్నే నిలబడు. నేను ఒక్కదాన్ని ఇంటె కాదు." గల్లీలోకి నడిచి కేక వేసింది. "ఓ కళావతక్కా! పోశన్నా! బయటికి రాండ్రి. జిరాక్సాయన సుకన్య సంగతి చెప్తాండట."

తలుపులు తెరుచుకున్నాయి. ఇద్దరు వచ్చారు, తర్వాత నలుగురు. తడి చేతులతో ఒకామె, పళ్లు తోముకుంటూ ఒకాయన. పక్క గల్లీ మలుపు నుంచి బాబా మియా గోడ పట్టుకుంటూ వస్తున్నాడు. ఆయనకు ఎవరో చెప్పినట్టున్నారు. మోకాళ్ల వల్ల ఆగి ఆగి నడుస్తున్నాడు.

"చెప్పన్నా" అంది తాహెరా బేగం.

"చాచాను రానియ్యి" అన్నాడు రాంప్రసాద్. "ఆయనతోని ఏం చెప్పిచ్చిన్నో అది గూడ చెప్పాలె."

బాబా మియా వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు. ఎవరో కుర్చీ తెచ్చినా కూర్చోలేదు. రాంప్రసాద్ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.