బంతి వదిలిన చేతులు

...తలకిందులుగా చూసినవాడి మాట ఎవరు నమ్ముతారు? అయినా ఎవరూ అడగలేదు. అడిగినవాడు ఒక్కడే. వాడికి అబద్ధం చెప్పాడు.

ఆర్డెల్ హౌగెన్ జీవశాస్త్రం గదిలో వెనక బల్ల మీద కూర్చుని గోళ్ళలోని మట్టి తీసుకుంటున్నాడు. సోమవారం మధ్యాహ్నం. కిటికీలకు దుప్పట్లు కట్టినా చక్కెర ఫ్యాక్టరీ నుంచి ఉడికిన బీట్ దుంపల వాసన లోపలికి వస్తూనే ఉంది. నల్లబల్ల మీద హాస్టల్ దుప్పటి ఒకటి తెరలా తెల్లగా వేలాడుతోంది. కోచ్ స్టోల్బర్గ్ శనివారం ఆట రీలును ప్రొజెక్టరుకు ఎక్కిస్తున్నాడు.

ఈ ఏడాది ఏడు ఆటలాడారు, ఏడూ ఓడారు. ఏడోది ఓడక్కర్లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఆర్డెల్ పని వంగడం. నేల మీది బంతిని రెండు చేతులా పట్టుకుని, కాళ్ళ సందులోంచి వెనక్కి విసరడం. ఐదు గజాల వెనక నిలబడ్డ వెర్లిన్ క్రౌస్ దాన్ని అందుకుని పరిగెడతాడు. రెండేళ్ళుగా ఆర్డెల్ ఆటను అలాగే చూశాడు. ఆకాశం కింద, గడ్డి పైన, గబ్బిలాల్లా వేలాడే జనం. వాళ్ళలో తనవాళ్ళెవరూ ఉండరు. అలా చూస్తే వెతుక్కోనక్కర్లేదు కూడా.

శనివారం గెలుపు రెండు గజాల దూరంలో ఉంది. ఈసారి కుడివైపు పరుగు అని ముందే అనుకున్నారు. అంటే బంతి వెర్లిన్‌కు కుడిపక్కగా, ఒక అడుగు ముందు పడాలి. ఆర్డెల్ వంగాడు. తలకిందుల జనంలో ఒకావిడ ఫ్లాస్కు మూత తీసి పక్కవాడికి కాఫీ పోస్తోంది. కాఫీ పైకి పారుతోంది. పక్కవాడు ఏదో అన్నాడు, ఆవిడ నవ్వింది. ఆర్డెల్ ఆ నవ్వు దగ్గరే ఆగిపోయాడు. చేతులు మాత్రం వాటి మానాన అవి కిందటిసారి ఎడమవైపు పరుగుకు చేసిందే చేశాయి. బంతి ఎడమకు పోయింది. అప్పటికే కుడికి కదిలిన వెర్లిన్ చేయి వెనక్కి చాచాడు. బంతి వేళ్ళకు తగిలి జారింది. అవతలి జట్టువాళ్ళు దాని మీద పడ్డారు.

జనం చూసింది ఆ వేళ్ళనే.

బస్సులో వెర్లిన్ వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఒరే ఆర్డెల్, నేనే తొందరపడి ముందు కదిలానేమోరా?"

"ఏమోరా. వంగి ఉన్నాను కదా, నాకేం కనబడుద్ది?"

మైదానంలో వెర్లిన్‌ను ఆర్డెల్‌కంటే బాగా చూసేవాడు మరొకడు లేడు. నిన్న హాస్టల్ వరండాలో వెర్లిన్ ఒక్కడే నిలబడి చేయి వెనక్కి చాచి, లేని బంతిని పట్టుకోవడమూ చూశాడు. పట్టుకున్నాక అరచేతులకేసి చూసుకున్నాడు. ఆర్డెల్ చప్పుడు కాకుండా మెట్లు దిగిపోయాడు.

రీలు తిరిగింది.

"ఇదిగో, చూడు వెర్లిన్," అన్నాడు కోచ్. "చేతులా అవి, చేపలా?"

"వెన్న రొట్టె తిని చెయ్యి కడుక్కోలేదు కోచ్!" మిలో అరిచాడు. అందరూ నవ్వారు.

"నువ్వు ఎక్కువ నవ్వకు మిలో. ఈ శనివారం పరిగెత్తేది నువ్వే. వెర్లిన్, నువ్వు బెంచీ మీద కూర్చో."

"అదే నా ఆఖరి ఆట, కోచ్." వెర్లిన్ చాలా నెమ్మదిగా అన్నాడు. క్రిస్మస్ దాటగానే వెర్లిన్ సైన్యంలో చేరాలి.

"తెలుసురా అబ్బాయ్. ఏం చెయ్యమంటావ్?"

వెర్లిన్ అరచేతుల్ని బల్ల కిందికి లాక్కున్నాడు.

ఆర్డెల్‌కు తిట్లంటే భయం లేదు. ఎవరూ చూడని చోట రెండేళ్ళుగా హాయిగా ఉన్నాడు. హాయి కాదు, అలవాటు. అక్కడినుంచి లేస్తే అందరి ముఖాలూ నిటారుగా కనిపిస్తాయి. తన ముఖమూ వాళ్ళకు కనిపిస్తుంది.

కోచ్ రీలును వెనక్కి తిప్పాడు. కుప్పపడ్డవాళ్ళు లేచి వెనక్కి నడిచారు. బంతి నేల మీంచి ఎగిరి వెర్లిన్ వేళ్ళను తాకింది. అక్కడ ఆగలేదు. ఏటవాలుగా గాలిలో ఈదుకుంటూ వచ్చి, వంగి ఉన్న ఒకడి చేతుల్లోకి దూరింది.

అక్కడ బొమ్మ ఆగింది. అందరూ ఇంకా వెర్లిన్‌నే చూస్తున్నారు.

ఆర్డెల్ లేచాడు. బల్లల మధ్యనుంచి ముందుకు నడిచాడు. వెలుగు అతని కళ్ళలో పడింది. అతని నీడ దుప్పటి మీద సగం ఆటగాళ్ళను మింగేసింది.

"ఒరేయ్ హౌగెన్, అడ్డు లేవరా!"

అతను కొంచెం పక్కకు జరిగి, దుప్పటి మీద వంగి ఉన్నవాడి చేతులపై వేలు పెట్టాడు.