నాలుగో రోజుకీ ఎర్రగానే

నాకున్న భయాలన్నిటిలోకీ పెద్దది ఇదీ అని దాచకుండా చెప్పేస్తాను, ఎల్లుండి డోలోన్ కనుమ ఎక్కుతుండగా ఈ కారు గేరు పట్టక నిలిచిపోవడం, వెనక సీట్లో నా ఒళ్ళో మా పాప బెగాయిమ్ పెదాలు నీలంగా మారిపోవడం, ఏడాదిన్నర పిల్ల, గుండెలో రంధ్రం, శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి బిష్కేక్ ఆసుపత్రిలో ఉండాలన్నారు, ఆ తొమ్మిదింటి కోసమే గొర్రెల్ని అమ్మేసి ఈ పాత కారు తెచ్చుకున్నాం, తెచ్చిన రోజే వంగి చూశాను, పొట్ట తళతళా మెరుస్తోంది, ఇరవై ఏళ్ళ కారుకి పొట్ట మెరవడమేమిటి, బాలిక్చి ఊళ్ళో నాన్న మెకానిక్కు షెడ్డులో ఎనిమిదో తరగతి మధ్యలో బడి మాన్పించాక నాలుగేళ్ళు టార్చి పట్టుకుని నిలబడ్డాను, పాత బండి పొట్ట కడిగి తెచ్చాడంటే ఏదో కారుతోందనే లెక్క అమ్మాయ్ అనేవాడు నాన్న, ఇది అమ్మినది మా ఆయన పెదనాన్న కొడుకు, పేరు నేను నోటితో అనకూడదు, అత్తింటి మగవాళ్ళ పేర్లు, మొగుడిదైనా సరే, కోడళ్ళం పలకం, అందుకని నాకు ఆయన నక్కతోలు టోపీ బావగారు, ఆ టోపీ కింద ఏముందో ఆయనకే తెలియాలి.

పైగా కోడిపుంజును కూడా తనే తెచ్చాడు, కొత్తగా ఇంటికొచ్చిన బండికి రక్తం చూపించాలి కదా, ముందు ఎడమ చక్రం దగ్గరే కోయండి, ఇక్కడే, ఇక్కడే అని తనే చోటు చూపించాడు, కోసింది మా ఆయన, మంచు మీద ఎర్రగా చిందింది, అత్తమ్మ మురిసిపోయి ఇక ఈ బండికి ఏ దిష్టీ తగలదు చూడండి అంది, సరే, రెండో రాత్రి మంచు కురిసి అంతా తెల్లగా కప్పేసింది, పొద్దున చూస్తే అదే చోట మళ్ళీ ఎరుపు, రక్తమైతే ఒక్క పూటకే నల్లబడుతుంది, ఇది నాలుగో రోజుకీ ఎర్రగానే ఉంది, అత్తమ్మా, కూర వండుకు తిన్న కోడి లేచొచ్చి మళ్ళీ రక్తం కార్చిందా అంటే, నీకన్నీ అనుమానాలే పిల్లా, టీలో ఉప్పేసిస్తే విషమేశారంటావు అని నవ్వింది, మా ఆయన్ని అడిగితే తలెత్తకుండా బూటు తాడు కట్టుకుంటూ ఏం లేదు, కోడి రక్తమే, కిందనుంచి పైకి ఊరింది అన్నాడు, రక్తం పైకి ఊరుతుందా ఎక్కడైనా, తన అన్న మాట పోతుందని వెనకేసుకొస్తున్నాడు, అందరూ ఒకటే, ఈ వాకిట్లో దేన్నీ నమ్మేట్టు లేదు, తీగ మీద ఆరేసిన బెగాయిమ్ గుడ్డ, పసుపు బాతుపిల్లల బొమ్మలది, అదీ మూడు రోజులుగా లేదు, పక్కింటి జుమగుల్ మీద నాకు ఎప్పటినుంచో ఓ కన్నుంది.

ఇవాళ మా ఆయన బడి బాయిలరు రాజేసే పనికి వెళ్ళిపోయాడు, నాలుగింటిదాకా రాడు, కారు గేటు ముందు ఎండిన కాలువకి అడ్డంగా నిలిపి ఉంది, చక్రాలకి రాళ్ళు పెట్టి, పాత ఉన్ని నమదా పరుచుకుని కాలువలోంచి కిందికి దూరాను, వేలితో ముట్టి వాసన చూశాను, పల్చన, కాస్త తియ్యటి వాసన, గేరుబాక్సు నూనె, అదీ ఎర్రగానే ఉంటుంది, సందేహమే లేదు, పొట్టంతా పొడిగుడ్డతో తుడిచి, బెగాయిమ్ పౌడరు డబ్బా తెచ్చి చల్లాను, నాన్న సుద్దపొడి చల్లేవాడు, తడి ఎటునుంచి వస్తుందో తెల్లటి పొడి మీద అబద్ధం చెప్పలేదు, పైకొచ్చి పది నిమిషాలు ఇంజను నడిపి, ఆపి, మళ్ళీ దూరాను, గులాబీరంగు గీత ఒకటి, గేరుబాక్సు కింది పళ్ళెం దగ్గర పుట్టలేదు, ముందునుంచి వస్తోంది, నూనె చల్లారడానికి రేడియేటరు వైపు వెళ్ళే రబ్బరు పైపు వెంట పాకుతూ పోయాను, పైపు చివర వేలికి మెత్తగా ఏదో తగిలింది, గుడ్డ, నూనెలో నానిపోయింది, దొరికాడు నక్కతోలు టోపీ, గుడ్డ చుట్టి అమ్మాడు అనుకుంటూ టార్చి వేశాను, పసుపు బాతుపిల్లలు.

జుమగుల్ కాదు, బావగారూ కాదు, ముడి చూశాను, రెండు చుట్లు చుట్టి కొసను కిందికి దోపిన ముడి, పిల్లని ఊయలలో కట్టే పట్టీకి మా ఆయన వేసే ముడి, నువ్వు బిగించేస్తావు, పిల్లకి ఊపిరాడదు అని నన్ను పక్కకి జరిపి తనే వేస్తాడు, అంటే తెలుసు, అంతా తెలుసు, బాయిలరు తొందరగా రాజెయ్యాలని చీకటితోనే వెళ్ళిన రోజు ఇక్కడే, ఈ కారు కిందే, పడుకుని ఇది కట్టాడు, కోటుకి తియ్యటి వాసన వస్తుంటే ఎవరి వాసనో అని నేను రెండు రోజులు కుమిలాను, ఏం లేదు అన్నాడు, ఇంకేం దాచాడు, ఏం లేదు అని ఇంతకుముందెప్పుడు అన్నాడు, ఆసుపత్రి వసారాలో, డాక్టరు అతన్ని ఒక్కణ్ణే లోపలికి పిలిచినప్పుడు, బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీసి, ఏం చెప్పారయ్యా అంటే, ఏం లేదు, నువ్వు టీ తాగావా.

కోడలా, బండి కింద కాపురం పెట్టావా ఏమిటి, పిల్ల లేచింది అని అత్తమ్మ కేక, వస్తున్నా అత్తమ్మా, గుడ్డ విప్పి, కత్తితో పైపు పగిలిన కొసను రెండు వేళ్ళ మేర కోసేశాను, కొస గట్టిపడిపోయినా మిగతా రబ్బరు మెత్తగానే ఉంది, గొట్టానికి ఎక్కించి, నాన్న ఇచ్చిన రేకుపెట్టెలోని రెండు క్లిప్పులు బిగించాను, తగ్గిన నూనె పోసి, ఇంజను వేడెక్కనిచ్చి నూనె కొలిచే పుల్లతో కొలిచాను, మళ్ళీ పౌడరు చల్లి, ఈసారి ఇరవై నిమిషాలు నడిపి ఆపి చూస్తే తెలుపు తెలుపుగానే ఉంది, గుడ్డని మాత్రం పారెయ్యలేక మడిచి పక్కన పెట్టాను, ఆ ముడి గుర్తొచ్చి, చేతకాని ముడి, పైపుకి పిల్లని కట్టినట్టు జాగ్రత్తగా కట్టిన ముడి, కారుతున్న పైపుని గుడ్డతో ఆపలేమని ఎవరికి తెలియదు, అయినా కట్టాడు, నన్ను మోసం చెయ్యడానికి కాదు, నేను భయపడితే తను నిలబడలేడని, ఈ ఇంట్లో నా అంత భయం ఇంకొకరికీ ఉంది, ఏం లేదు అంటే అతని భాషలో భయంగా ఉందని.

పైపు సంగతి నేను చూసుకున్నాను, అది పోదు, గురువారం మధ్యాహ్నం మీరెవరైనా డోలోన్ దారిలో ఉంటే, ఆకుపచ్చ పాత కారు పక్కకి తీసి, ఒకతను టోపీ తీస్తూ పెట్టుకుంటూ నిలబడి కనిపిస్తే, బండికేమైందని అడగకండి, ఒక్క నిమిషం ఆగి నీకెలా ఉంది తమ్ముడూ అని అడగండి, నాకైతే చెప్పడు, పేరు పెట్టి పిలిస్తే బయటివాళ్ళకి చెప్తాడేమో, ఆ పేరు నేను నోటితో అనకూడదు, రాయకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు, తాలాయ్.