గోడ మీద ఉప్పు లెక్క

మా ఆయన డెవిట్ ఎవరి మాటా వినే రకం కాదు. గుండె నీరసించింది, అందుకే కాళ్లు వాస్తున్నాయి, ఉప్పు తగ్గించమని డాక్టరు మొత్తుకుంటే "ఆయనకేం, ఎన్నయినా చెప్తాడు" అని కొట్టిపారేశాడు. అంతటి మొండిఘటం చివరికి ఒక బోర్డు మాట విన్నాడు.

మా కౌంటీలో, అంటే మా జిల్లాలో, ఆరోగ్య మండలి అప్పట్లో ఒక నిబంధన పెట్టింది. ఊరూరా శాఖలున్న పెద్ద హోటళ్లు ప్రతి వంటకం పక్కనా అందులో ఉప్పెంతో, క్యాలరీలెన్నో రాసి తీరాలి. చర్చి అయ్యాక మేం వెళ్లే హోటల్లోనూ గోడ మీది బోర్డులో అంకెలు వెలిశాయి. డెవిట్ కళ్లజోడు సవరించుకుని, తన ప్రాణమైన సాసేజి మాంసం గ్రేవీ పోసిన రొట్టెల పక్కన అంకె చూశాడు.

"ఓరి నాయనో! రోజంతా తినాల్సిన ఉప్పు ఒక్క ప్లేటులోనా? నాడీన్, నాకు కాల్చిన చేప పట్రామ్మా" అని వడ్డించే పిల్లను పిలిచాడు.

"ఇన్నాళ్లూ నేను మొత్తుకున్నదేమిటి మరి?"

"నువ్వు సణుగుతావు వెర్లీన్. అది లెక్క చెప్తోంది."

ఒళ్లు మండింది. అయినా ఆ వేసవిలో ఆయన కాళ్ల వాపు తగ్గితే ఆ బోర్డుకి దండం పెట్టాలనిపించింది.

హోటళ్ల వాళ్లు ఊరుకుంటారా! రాజధానికి పోయి పట్టుబట్టారు. ఇలాంటి నిబంధనలు పెట్టే హక్కు ఏ ఊరికీ, ఏ కౌంటీకీ లేదని రాష్ట్రం చట్టం చేసేసింది. అదీ ఎవరూ చదవని చేపల చెరువుల బిల్లు చివర అతికించి. "కౌంటీకో రూలైతే వ్యాపారం చేసేదెలా?" అన్నాడు మా సెనేటరు. ఆయన సొమ్మేం పోయింది!

తర్వాతి ఆదివారం వెళ్తే బోర్డు మీద అంకెల్లేవు. డెవిట్ ముఖం వెలిగిపోయింది.

"చూశావా, తీసేశారు!"

"చట్టం చేసి తీయించారు. ఉప్పు తగ్గి కాదు."

"పోవే! నిజంగా ప్రమాదమైతే ప్రభుత్వమే తీయిస్తుందా? ముందు లెక్క తప్పు రాసుంటారు. నాడీన్, నా పాత ప్లేటు పట్రా, గ్రేవీ దండిగా పొయ్యమ్మా!"

నాడీన్ నావైపు చూసింది. నలుగురిలో రభస ఎందుకని తల దించుకున్నాను. ఆయన పసివాడిలా వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. ఆపైన ప్రతి ఆదివారమూ తిన్నాడు.

చలికాలం దాటలేదు మా డెవిట్. ఆ రోజే ప్లేటు లాగేసి ఉంటే, మహా అయితే వారం రోజులు నాతో మాట్లాడేవాడు కాదు.