పంతొమ్మిదో నంబరుకు ఒక ఓటు

శుక్రవారం సిల్వర్టన్ హాల్లో నెరిడా ట్రెలోర్ ఎడమ చేత్తో ‘4’ అని రాసి, చీటీ మడిచి బిస్కెట్ల డబ్బాలో వేసింది. నాలుగో నంబరు బొమ్మ ఆమె గీసిందే. కుడి చేత్తో రాస్తే దస్తూరీ పట్టేస్తారు. బ్రోకెన్ హిల్ పోస్టాఫీసులో ఇరవై ఏడేళ్ళు పనిచేసిన మనిషి. చుట్టుపక్కల రెండు వందల కిలోమీటర్లలో ఆమె రాత ఎరగని ఇల్లు లేదు.

తన బొమ్మకు తానే ఓటు వేసుకోవడం తప్పు కాదనుకుంది. ఎన్నికల్లో నిలబడినవాడు వేసుకోడా? వేసుకుంటాడు గానీ ఎడమ చేత్తో వేసుకోడు. ఆ రెండో మాటా ఆమెకే తోచింది. తోచినా చీటీ వెనక్కి తియ్యలేదు.

చలికాలం చివర ఆ ఎడారి ఊళ్ళలో ఇది ఏటా జరిగేదే. శుక్రవారం సిల్వర్టన్‌లో, శనివారం మెనిండీలో, ఆదివారం వైట్ క్లిఫ్స్‌లో బొమ్మలు పెడతారు. కారవాన్లనే ఇంటిబళ్ళు వేసుకుని తిరిగే పెద్దవాళ్ళు ఒక ఊరు చూసి ఇంకో ఊరికి పోతారు. బొమ్మ కింద పేరుండదు, నంబరే ఉంటుంది. వచ్చినవాళ్ళకు తలా ఒక చీటీ ఇస్తారు. మూడు గంటలకు లెక్కపెట్టి, ఏ నంబరుకు ఎన్ని ఓట్లో నల్లబల్ల మీద రాస్తారు. సున్నా వస్తే సున్నా అనే రాస్తారు. గెలిచిన బొమ్మ ఏడాది పాటు ఊరి పబ్బు గోడకు వేలాడుతుంది. నెరిడా పదకొండేళ్ళుగా బొమ్మలు వేస్తోంది. పబ్బు గోడకు ఆమె ఇంతవరకు తగిలించింది తన కోటు ఒక్కటే.

నెరిడా ఈ ఊళ్ళు తిరిగే బండి గ్లెనిస్ హాకింగ్‌ది. ఇద్దరిదీ ముప్పై నాలుగేళ్ళ స్నేహం. గొర్రెల షెడ్లలో ఉన్ని రకం తేల్చడం గ్లెనిస్ పని. బల్ల మీద పరిచిన ఉన్నిని వేళ్ళతో నలిపి, ఏది ఏ బేళ్ళలోకి పోవాలో చెప్పేది. సొంత తమ్ముడి ఉన్నిని మూడో రకంలో వేసింది. ఆ తమ్ముడు రెండు క్రిస్మస్‌లకు భోజనానికి పిలవలేదు.

మూడు గంటలకు నల్లబల్ల మీద నాలుగో నంబరు ఎదురుగా ‘1’ అని రాశారు.

నెరిడా మనసులో లెక్క కట్టింది. తామిద్దరు. చీటీలు రెండు. వచ్చిన ఓటు ఒకటి. అది ఏ చెయ్యి రాసిందో తెలుసు.

“ఒకటైనా వచ్చింది కదే. తొమ్మిదో నంబరుకు పాపం సున్నా,” అంది గ్లెనిస్.

“అవునే. ఎవరో మహానుభావులు వేశారు.”

“వేస్తారు. కారవాన్లలో అన్ని రకాల మనుషులూ తిరుగుతుంటారు.”

మెనిండీ దారిలో నెరిడా మనసులో గ్లెనిస్ తరఫున తానే వాదించింది. కళ్ళజోడు పెట్టుకోలేదేమో. నంబరు తప్పు చదివిందేమో. చీటీ వెయ్యడం మరిచి జేబులో పెట్టుకుందేమో. శనివారం మెనిండీలో కళ్ళజోడు తానే తుడిచి ఇచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి తన బొమ్మ ముందు నిలబెట్టింది.

“ఆ వెలుతురు చూడవే, ఎంత బాగుందో కదా!”

“ఊఁ,” అంది గ్లెనిస్.

అక్కడా ఒకటే వచ్చింది. అదీ ఎడమ చేతిదే.

ఆదివారం పొద్దున మట్టిరోడ్డు మీద వైట్ క్లిఫ్స్‌కు బయల్దేరారు. గంట ప్రయాణం అయ్యాక గ్లెనిస్ అడిగింది.

“ఏమే, ఉలుకూ పలుకూ లేదేం?”

“రోడ్డు చూస్తున్నా.”

“నడిపేది నేను. నువ్వెందుకు చూడటం?”

“ఎవరో ఒకరు సరిగ్గా చూడాలిగా.”

డబ్బాలో రెండు శాండ్‌విచ్‌లున్నాయి. ఒకదానికి బీట్‌రూట్ రసం దిగి రొట్టె నానిపోయింది. నెరిడా ఏరి మరీ దాన్నే గ్లెనిస్‌కు అందించింది. అరవై ఏళ్ళ మనిషి తీర్చుకోదగ్గ పగ అంతేనా అని ఆమెకే సిగ్గేసింది. సిగ్గుపడుతూనే పొడిగా ఉన్న శాండ్‌విచ్ తాను తిన్నది.

వైట్ క్లిఫ్స్‌లో ఎండ పడలేక సగం ఊరు కొండ తొలిచిన ఇళ్ళలోనే ఉంటుంది. హాలు మాత్రం పైనే ఉంది. చీటీలిచ్చేది ఐవర్ పాస్కో. ఓపల్ అనే రంగురాళ్ళు తవ్వి తవ్వి నడుం వంగిన పెద్దాయన. అక్కడి చీటీలో నంబరు కింద ఇంకో గీత ఉంది. దాని పక్కన ‘ఎందుకు?’ అని అచ్చువేశారు.

నెరిడా బొమ్మ నంబరు పంతొమ్మిది. ఉప్పునేలలో పొదలు, సాయంత్రం, కంచె. ఈసారి ఆమె తనకు ఓటు వేసుకోదలచలేదు. గ్లెనిస్ వేస్తే ఒకటి వస్తుంది, లేకపోతే సున్నా. దీనికి మనసులో ‘పరీక్ష’ అని పేరు పెట్టుకుంది. తీరా చీటీ పట్టుకున్నాక చిక్కొచ్చిపడింది. తనది కాకపోతే ఇంకెవరిదో రాయాలి. రాయాలంటే వాటిని చూడాలి. రెండు రోజులుగా రెండు హాళ్ళలో ఆమె చూసింది తన బొమ్మను, దాని ముందు ఎవరు ఎంతసేపు ఆగారన్నదాన్ని. అంతే.

వరసగా చూసుకుంటూ వెళ్ళింది. ఈము పక్షులు, మళ్ళీ ఈము పక్షులు, సూర్యాస్తమయంలో ఈము పక్షులు. ఏడో నంబరు దగ్గర ఆగింది. మసిపట్టిన కెటిల్ నిప్పుల మీద ఉంది. మూత ఒక పక్క లేచింది. అంతకు మించి అందులో ఏమీ లేదు. నెరిడా చాలాసేపు నిలబడింది. కుడి చేత్తో ఏడు వేసి, ‘ఎందుకు?’ పక్కన ‘మూత చప్పుడు వినిపిస్తోంది’ అని రాసింది.

మూడు గంటలకు ఐవర్ సుద్దముక్క తీశాడు. ఏడో నంబరుకు ఇరవై రెండు. పంతొమ్మిదికి ఒకటి.

నెరిడా గ్లెనిస్ మోచెయ్యి పట్టుకుంది.

“నువ్వు బంగారానివే! అనవసరంగా నీకు ఆ నానిన శాండ్‌విచ్ ఇచ్చాను.”

“ఏమైందే నీకు?”

“పంతొమ్మిది వేసింది నువ్వేగా?”

గ్లెనిస్ నల్లబల్ల వైపు చూసింది. తరవాత తన బూట్ల వైపు చూసుకుంది.

“కాదే. నేను ఏడు వేశాను.”

“నిన్న?”

“ఆ చిలక బొమ్మకు. దగ్గరికెళితే కరిచేట్టుంది.”

“మొన్న?”

“గాలిమర ఎక్కిన మనిషి.”

“మూడు రోజుల్లో ఒక్కసారైనా వెయ్యబుద్ధి కాలేదుటే?”

“ఆగు. మొన్న నీకు ఒకటొచ్చింది, నిన్న ఒకటొచ్చింది. అవి నావి కావని నీకెలా తెలుసు?”

నెరిడా ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుంది. గ్లెనిస్ ముఖంలో అర్థమవడం మొదలైంది.

“ఓసి దొంగముఖమా! పోస్టాఫీసు రాత పట్టేస్తారని భయం వెయ్యలేదుటే?”

“ఎడమ చేత్తో రాశాను.”

గ్లెనిస్ గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. కాసేపటికి నెరిడా కూడా నవ్వింది. ఏడ్చే ఓపిక లేక.

“నవ్వడం అయ్యాక ఈ చీటీ చూసుకో అమ్మా,” అన్నాడు ఐవర్. “నీకొచ్చిన ఓటు ఇదే.”

చీటీలో ‘19’ అని ఉంది. ‘ఎందుకు?’ పక్కన ‘ఇందులో ఈము లేదు’ అని ఉంది.

నెరిడా రెండుసార్లు చదివింది. ఆ రాత ఆమె ఎరగదు. ఎవరో బయటివాళ్ళది.

“దీన్ని నేను ఉంచుకోవచ్చా ఐవర్ గారూ?”

“కుదరదమ్మా. ఓటు ఊరిది.”

బొమ్మ గోడ నుంచి దించి బండి దాకా మోసుకొచ్చారు. నెరిడా తలుపు తియ్యకుండా నిలబడింది.

“పదకొండేళ్ళలో నాతో ఒక్క మాటైనా అనలేదేమే?”

“నువ్వు అడిగితేగా.”

“వందసార్లు అడిగాను!”

“‘బాగుంది కదా’ అంటావు. అది అడగడమా? కూర వడ్డిస్తూ అత్తగారు ‘ఉప్పు సరిపోయింది కదా’ అన్నట్టుంటుంది. ఎవరికి నోరు లేస్తుందే?”

నెరిడా ఆలోచించింది. ఊరుకుంటే ఇంటి దాకా ఊరుకోవచ్చు. వచ్చే ఏడాది ఇంకో మూడు బొమ్మలు, ఎడమ చేత్తో మూడు చీటీలు. గ్లెనిస్ మళ్ళీ ‘ఊఁ’ అంటుంది.

“సరే, ఇప్పుడు అడుగుతున్నా. ఇందులో ఏం తక్కువైంది?”

“నిజంగా అడుగుతున్నావా?”

“నిజంగానే.”

“ఏడవకూడదు మరి.”

“ఏడిస్తే పట్టించుకోకు. తాళాలిటివ్వు, నేను నడుపుతా. నువ్వు దాన్ని చూస్తూ చెప్పు.”

గ్లెనిస్ పక్క సీట్లో కూర్చుని, బొమ్మ మోకాళ్ళ మీద నిలబెట్టుకుని, కళ్ళజోడు సర్దుకుంది. పైనుంచి మొదలుపెట్టింది. “ఈ ఆకాశం ఉంది చూడు,” అంది.

విల్కేనియా వంతెన చేరేసరికి ఆకాశం పూర్తయింది. ఈ తొంభై కిలోమీటర్లలో నెరిడా రెండుసార్లు పోట్లాడింది, ఒకసారి ఒప్పుకుంది, ఒకసారి బండి పక్కకు ఆపి దిగి, తానే స్వయంగా తల పైకెత్తి చూసింది.

“ఇక కంచె దగ్గరికి వద్దామా?” అంది గ్లెనిస్.

“కంచెకేమైందే?”

“అయ్యో నా తల్లీ!”

ఇంటికి ఇంకా రెండు వందల కిలోమీటర్లుంది. ఆ దూరం సరిపోతుందా అని నెరిడాకు అనుమానం వచ్చింది. బండి వేగం తగ్గించింది.